మూడో రోజు పాలు మానేసిన పసికందు: ఇన్ఫెక్షన్ ఒక్కటే కాకపోవచ్చు

నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డ. పుట్టగానే గట్టిగా ఏడ్చాడు, ముర్రుపాలు తాగాడు, మొదటి రోజంతా ఏ ఇబ్బందీ లేదు. రెండో రోజు సాయంత్రమో మూడో రోజు తెల్లవారుజామునో పాలు పట్టడం తగ్గుతుంది. లేపితే లేవడు, ఏడుపు సన్నబడుతుంది, ఊపిరి వేగంగా తీస్తుంటాడు, ఒళ్లు మెత్తబడిపోతుంది లేదంటే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత వాంతులు, ఫిట్స్, ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ), వెంటిలేటర్. బయట కూర్చున్న కుటుంబానికి వినిపించే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది.

ఆ అనుమానంలో తప్పు లేదు. ఈ వయసులో ఇలా పడిపోయిన పిల్లల్లో ఎక్కువమందికి నిజంగానే సెప్సిస్, అంటే ఆ రక్తపు ఇన్ఫెక్షన్ ఉంటుంది, రక్తంలో క్రిమి పెరుగుతుందా అని చూసే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాల్సిందే. కానీ ఆలోచన ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతే కొందరు పిల్లలను పోగొట్టుకుంటాం. పుట్టుకతోనే శరీర రసాయన క్రియల్లో లోపం ఉన్న పిల్లలు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తారు. వాళ్లకు యాంటీబయాటిక్ ఎంత ఇచ్చినా లాభం ఉండదు, రెండు మూడు రోజులు గడిచేసరికి మెదడు దెబ్బతింటుంది. అందుకే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: బాగా పుట్టి, పాలు తాగి, ఆ తర్వాత పడిపోయిన పసికందుకు ఇన్ఫెక్షన్ పరీక్షలతో పాటు అదే గంటలో రక్తంలో అమోనియా (ప్రొటీన్ విరిగితే పుట్టే విషం), షుగర్, బ్లడ్ గ్యాస్ (రక్తం ఆమ్లంగా ఉందా, క్షారంగా ఉందా చెప్పే పరీక్ష), లాక్టేట్ అనే ఆమ్లం, మూత్రంలో కీటోన్స్ (కొవ్వు కరిగితే వచ్చే పదార్థాలు) కూడా చూడాలి. ఇవేమీ విదేశాలకు పంపాల్సిన పరీక్షలు కావు, ఓ మాదిరి పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో కొన్ని గంటల్లో తేలిపోయేవే.

అసలు ఏమిటీ లోపం? మనం తిన్న ప్రొటీన్, కొవ్వు, చక్కెర ఒక్క దెబ్బతో శక్తిగా మారిపోవు, మెట్టు మెట్టుగా మారతాయి, ఒక్కో మెట్టుకూ ఒక్కో ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ తయారుచేసే జన్యువు పాడైతే కాలువ మీద తూము మూసుకుపోయినట్టే, పైన నీళ్లు పొంగి పొలాలు మునుగుతాయి, కింద చుక్క నీరు ఉండదు. పేరుకుపోయింది విషమవుతుంది, తయారుకానిది కొరతవుతుంది, రెండు వైపుల నుంచీ దెబ్బే. లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ 1908లోనే వీటికి 'పుట్టుకతో వచ్చే మెటబాలిజం లోపాలు' అన్న పేరు పెట్టాడు. ఇప్పుడు ఇలాంటివి వందల్లో తెలుసు. ఒక్కొక్కటి విడిగా చూస్తే చాలా అరుదు, అన్నీ కలిపి లెక్కేస్తే మాత్రం పెద్ద ఎన్‌ఐసీయూ ఏదీ వీటిని చూడకుండా ఉండదు.

మరి పుట్టగానే ఎందుకు కనపడదు? కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ రక్తంలో పేరుకునే విషాలను మావి తల్లి రక్తంలోకి పంపేస్తుంది, తల్లి కాలేయం శుభ్రం చేస్తుంది. బొడ్డు కోశాక ఆ పని బిడ్డ ఒంటరిగా చేసుకోవాలి. పైగా పుట్టిన మొదటి రెండు మూడు రోజులు పాలు తక్కువే కాబట్టి శరీరం తన సొంత కండను కొంత కరిగించుకుంటుంది, ఆ ప్రొటీన్‌కు పాలలోని ప్రొటీన్ తోడవుతుంది. దాంతో రెండో రోజుకో ఐదో రోజుకో విషం హద్దు దాటుతుంది. ఈ మధ్యలో ఉన్న మంచి రోజులే అసలైన ఆధారం. కాన్పులో ఊపిరాడక దెబ్బతిన్న బిడ్డ మొదటి గంట నుంచే బాగోడు. మొదట బాగుండి తర్వాత పడిపోయిన బిడ్డ విషయంలో ఇన్ఫెక్షన్, గుండె జబ్బు, మెటబాలిజం లోపం, ఈ మూడూ ఒకేసారి తలకు రావాలి.

ఇక్కడే ఒక మాట. తల్లి పాలు పడలేదని, తల్లి ఏదో తినకూడనిది తిన్నదని ఇంట్లో మొదలయ్యే మాటలను దయచేసి అక్కడే ఆపండి. తల్లి పాలలో ఏ దోషమూ లేదు, అవే పాలు తాగి ఆమె పెద్ద బిడ్డ బాగానే పెరిగి ఉండొచ్చు. కొన్ని జబ్బుల్లో పాలు కొన్నాళ్లు ఆపాల్సి వస్తుంది, నిజమే. కానీ అది పరీక్షలు చూసి డాక్టరు తీసుకోవాల్సిన నిర్ణయం. ఇంట్లో ఎవరో అనుమానపడి పాలు మాన్పిస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే చేటు.

ఒకే రూపం, రకరకాల కారణాలు

వీటిలో అన్నిటికంటే తొందరగా ప్రాణం మీదికి తెచ్చేది యూరియా సైకిల్ లోపం. ప్రొటీన్ విరిగినప్పుడు పుట్టే అమోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఈ చక్రాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కనిపెట్టారు. చక్రంలో ఒక ఎంజైమ్ లేకపోతే అమోనియా నేరుగా మెదడును ముంచేస్తుంది, మెదడు వాస్తుంది. దీనికి ఒక మంచి గుర్తుంది. అమోనియా ఊపిరిని ఎగదోస్తుంది కాబట్టి మొదట్లో బిడ్డ వేగంగా ఊపిరి తీస్తాడు, బ్లడ్ గ్యాస్‌లో రక్తం ఆమ్లంగా కాకుండా క్షారంగా వస్తుంది. సెప్సిస్‌లో పడిపోయిన బిడ్డలో మామూలుగా దీనికి వ్యతిరేకంగా ఉండాలి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి, ఆయాసం ఉండి, రక్తం క్షారంగా ఉందంటే అమోనియా చూడకుండా ఒక్క గంట కూడా గడపకూడదు.

ఆర్గానిక్ అసిడీమియాలు అనే ఇంకో గుంపు ఉంది, ప్రొపియోనిక్, మిథైల్‌మలోనిక్, ఐసోవాలెరిక్ లాంటివి. వీటిలో రక్తం బాగా ఆమ్లంగా మారుతుంది, మూత్రంలో కీటోన్స్ వస్తాయి. పెద్దవాళ్లు ఉపవాసం ఉన్నా కీటోన్స్ వస్తాయి కానీ పసికందు మూత్రంలో కీటోన్స్ ఎక్కువగా కనిపించడం మామూలు విషయం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకా చిక్కేమిటంటే ఈ జబ్బుల్లో పేరుకునే ఆమ్లాలు ఎముక మజ్జను కూడా అణచివేస్తాయి, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ కౌంట్లు చూసిన ఎవరికైనా సెప్సిస్ ఖాయమనే అనిపిస్తుంది. అంటే ఇన్ఫెక్షన్ అని తేల్చడానికి మనం ఆధారపడే రిపోర్టులే ఇక్కడ దారి తప్పిస్తాయి.

గాలక్టోసీమియా మరీ చిత్రమైనది. పాలలోని చక్కెరలో సగం గాలక్టోజ్, దాన్ని అరిగించుకోలేని పిల్లలకు కామెర్లు, కాలేయం దెబ్బతినడం, రక్తం గడ్డకట్టకపోవడం, కంట్లో శుక్లాలు వస్తాయి. ఈ పిల్లల్లో ఈ.కోలై బాక్టీరియాతో నిజమైన సెప్సిస్ కూడా ఎక్కువ. కల్చర్‌లో క్రిమి పెరిగింది కదా, ఇక వేరే వెతకడం ఎందుకు అనుకుంటే అసలు జబ్బు దాక్కునే ఉంటుంది, పాలు కొనసాగుతూనే ఉంటాయి. కామెర్లు, కాలేయ సమస్య, ఈ.కోలై మూడూ కలిసి కనిపించిన పసికందుకు గాలక్టోసీమియా పరీక్ష చేయాల్సిందే. తల్లి పాలు కూడా పూర్తిగా ఆపి సోయా ఆధారిత పాలపొడి ఇవ్వాల్సిన అతి కొద్ది జబ్బుల్లో ఇదొకటి.

రెండో వారంలో పడిపోయే పిల్లలు వేరే. అడ్రినల్ గ్రంథి పుట్టుకతోనే సరిగ్గా హార్మోన్లు తయారుచేయకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు. వాంతులు, బరువు తగ్గడం, నీరసం, ఆఖరికి షాక్. రక్తంలో సోడియం బాగా తక్కువ, పొటాషియం బాగా ఎక్కువ వస్తాయి. ఆడపిల్లల్లో పుట్టినప్పుడే జననాంగాల్లో తేడా కనిపించి డాక్టర్లు జాగ్రత్తపడతారు. మగపిల్లలు చూడటానికి మామూలుగానే ఉంటారు, ఇంటికెళ్లిపోతారు, విరేచనాలనో పాలు పడలేదనో అనుకుంటూండగానే చేయి దాటిపోతుంది. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్, ఆ తర్వాత జీవితాంతం మాత్రలు, ఇదే వైద్యం. ఏమంత ఖరీదు కాని మందు సమయానికి అందక బిడ్డ పోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

వాసన సంగతి కూడా చెప్పాలి. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే జబ్బును 1954లో జాన్ మెంకెస్ బృందం వర్ణించింది. ల్యూసిన్ లాంటి మూడు అమైనో ఆమ్లాలు విరగవు, బిడ్డ సైకిల్ తొక్కుతున్నట్టు కాళ్లు ఆడిస్తాడు, ఒళ్లు విల్లులా వంచుతాడు, మూత్రం నుంచీ చెవిలోని గులిమి నుంచీ కాలిన చక్కెర పాకం వాసన వస్తుంది. మేపుల్ సిరప్ మన ఇళ్లలో ఎవరు వాసన చూశారు? కానీ ఆ వాసనకు కారణమైన సోటొలోన్ అనే పదార్థమే మెంతుల్లోనూ ఉంది, కాబట్టి మనవాళ్లకు మెంతుల వాసన అంటే చటుక్కున తెలుస్తుంది. అయితే దీనిలో ఇంకో మెలిక ఉంది. కాన్పుకు ముందు మెంతులు బాగా తీసుకున్న తల్లుల బిడ్డల దగ్గర కూడా ఇదే వాసన వచ్చి, జబ్బు లేకుండానే డాక్టర్లు కంగారుపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. హుషారుగా పాలు తాగుతున్న బిడ్డకు మెంతుల వాసన వస్తే తల్లి తిండి గురించి అడగండి. మత్తుగా ఉన్న బిడ్డకు అదే వాసన వస్తే అమైనో ఆమ్లాల పరీక్షకు వెంటనే రక్తం పంపండి. ఈ జబ్బులో అమోనియా, బ్లడ్ గ్యాస్ దాదాపు మామూలుగానే ఉండొచ్చు, కాబట్టి అవి బాగున్నాయని నిశ్చింత పడకూడదు.

అమోనియా పరీక్ష, మొదటి కొన్ని గంటలు

అమోనియా పరీక్ష సులువే కానీ రక్తం తీసే పద్ధతిలో పొరపాటు జరిగితే తప్పుడు అంకె వస్తుంది. చేతికి గట్టిగా కట్టి, పిండి పిండి తీసిన రక్తంలో, లేదా గంటసేపు బల్ల మీద పడి ఉన్న ట్యూబులో అమోనియా తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. రక్తం ధారాళంగా రావాలి, ట్యూబును ఐసులో పెట్టాలి, పదిహేను నిమిషాల్లో ల్యాబ్‌కు చేరాలి. యూనిట్లు కూడా చూసుకోవాలి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో, రెండో అంకె మొదటిదానికి సుమారు 1.7 రెట్లు ఉంటుంది. పసికందులో మైక్రోమోల్స్ లెక్కన 100 లోపు ఉంటే మామూలే అనుకోవచ్చు. వేరే జబ్బుతో నలిగిన బిడ్డలో కాస్త పెరగొచ్చు. 150, 200 దాటితే మెటబాలిజం లోపాన్ని గట్టిగా అనుమానించాలి. 500 దాటిందంటే డయాలసిస్ గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చేసినట్టే. అంకె మీద అనుమానం ఉంటే మళ్లీ పంపండి, కానీ రెండో రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆపొద్దు.

వైద్యంలో మొదటి మెట్టు చాలామంది అనుకున్నంత క్లిష్టం కాదు. ప్రొటీన్ ఆపాలి, అంటే పాలు ఆపాలి. కానీ అంతటితో వదిలేస్తే శరీరం ఆకలికి తన కండనే కరిగించుకుని లోపలి నుంచి ప్రొటీన్ విడుదల చేస్తుంది, విషం ఇంకా పెరుగుతుంది. కాబట్టి పాలు ఆపిన నిమిషం నుంచే నరం ద్వారా గ్లూకోజ్ ఎక్కువ మోతాదులో ఎక్కించాలి, అవసరమైతే ఇన్సులిన్ తోడు చేసి అయినా సరే, ఒంటిని కరిగించుకోనివ్వకూడదు. ఈ రెండు పనులూ జిల్లా కేంద్రంలోని ఎన్‌ఐసీయూలో కూడా చేయొచ్చు, పెద్ద ఆసుపత్రికి అంబులెన్స్ బయల్దేరేలోపే మొదలుపెట్టొచ్చు. దారిలో గ్లూకోజ్ ఆగకుండా చూడటం పెద్ద విషయం. ప్రొటీన్‌ను ఒకటి రెండు రోజులకు మించి పూర్తిగా ఆపకూడదు కూడా, ఎదగాల్సిన బిడ్డకు అది మళ్లీ కండ కరిగే పరిస్థితే తెస్తుంది.

ఆ తర్వాత అమోనియాను వేరే దారిన బయటికి పంపే సోడియం బెంజోయేట్, అర్జినిన్, ఆర్గానిక్ అసిడీమియా అనుకుంటే కార్నిటిన్, బీ12 ఇంజెక్షన్. లొంగకపోతే డయాలసిస్. పసికందులకు హీమోడయాలసిస్ చేయగల చోట్లు తక్కువ, అది లేనప్పుడు పొట్టలో చేసే పెరిటోనియల్ డయాలసిస్ నెమ్మదిగా అయినా పనిచేస్తుంది. బిడ్డ ఎంతసేపు కోమాలో ఉన్నాడన్న దాన్ని బట్టే మెదడుకు ఎంత నష్టం జరిగిందన్నది ఎక్కువగా తేలుతుంది, అందుకే ప్రతి గంటా లెక్కే. ఇంకో హెచ్చరిక కూడా అవసరం. ఫిట్స్‌కి వాడే వాల్ప్రోయేట్ అమోనియాను పెంచుతుంది, కారణం తేలని ఫిట్స్ ఉన్న పసికందుకు ఆ మందు ఇచ్చేముందు అమోనియా రిపోర్టు చేతిలో ఉండాలి.

విటమిన్‌తో తగ్గే జబ్బులూ వీటిలో ఉన్నాయి. బయోటినిడేజ్ లోపం ఉన్న బిడ్డకు ఫిట్స్, చర్మం మీద దద్దుర్లు, జుట్టు రాలడం, చెవుడు వస్తాయి, రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ మొదటి నుంచీ ఇస్తే అవేవీ రావు. ఏ మందుకూ లొంగని ఫిట్స్ కొందరు పసికందుల్లో బీ6 ఇంజెక్షన్‌తో ఆగిపోతాయి, కాబట్టి అలాంటి ఫిట్స్‌లో దాన్ని ఒకసారి ఇచ్చి చూడకపోవడం తప్పు. మాంసం, గుడ్డు అసలు ముట్టని తల్లుల్లో బీ12 బాగా తగ్గిపోతే, ఆ పాలు మాత్రమే తాగే నెలల పిల్లలు నీరసించి, నేర్చుకున్నవి మర్చిపోయి, మూత్రంలో మిథైల్‌మలోనిక్ ఆమ్లంతో అచ్చం జన్యు జబ్బులాగే కనిపిస్తారు. జన్యు పరీక్షకు వేలు పోసేముందు తల్లికీ బిడ్డకూ బీ12 చూడటం మర్చిపోకూడదు.

మడమ చుక్కల పరీక్ష ఏం చెప్తుంది, ఏం చెప్పదు

ఇంత ప్రమాదం వచ్చేదాకా ఆగకుండా ముందే కనిపెట్టే దారి లేదా అంటే ఉంది. అమెరికాలో రాబర్ట్ గత్రీ 1960ల మొదట్లో పసికందు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను బ్లాటింగ్ కాగితం మీద ఆరబెట్టి ఫినైల్‌కీటోన్యూరియా అనే ఇలాంటి మెటబాలిజం జబ్బును కనిపెట్టే పరీక్ష తయారుచేశాడు. ఆయన కుటుంబంలోనే ఒక పాపకు ఆ జబ్బు ఆలస్యంగా తేలింది, అప్పటికే మెదడు దెబ్బతింది. ఇప్పుడు అదే కాగితం మీది చుక్కల నుంచి టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే యంత్రంతో ఒకేసారి నలభై యాభై జబ్బులు చూడొచ్చు. రక్తం తీయాల్సిన సమయం పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య. అంతకంటే ముందే డిశ్చార్జి చేస్తుంటే వెళ్లేముందు తీసి, తర్వాత మళ్లీ ఒకసారి తీయడం మంచిది. బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే చుక్కలు దానికి ముందే తీసి పెట్టాలి, లేకపోతే గాలక్టోసీమియా లాంటి పరీక్షల్లో దాత రక్తం రిపోర్టు వస్తుంది.

దేశమంతటా పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష తప్పనిసరిగా చేసే పథకం మనకు ఇంకా లేదు. గోవా 2008లో రాష్ట్రమంతా మొదలుపెట్టింది, కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగు జబ్బులకు చేస్తోంది. మన దగ్గర ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లో, అడిగినవాళ్లకు జరుగుతోంది, కొన్ని వేల రూపాయల ఖర్చు. అందరికీ అన్నీ చేయలేకపోయినా థైరాయిడ్ ఒక్కటైనా చేయాలని నా అభిప్రాయం. హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా పసికందులను చూసిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనంలో సుమారు 1130 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం కనిపించింది. రెండు వారాల్లోపు థైరాక్సిన్ మాత్ర పొడిచేసి పడితే ఆ బిడ్డ మిగతా పిల్లల్లాగే చదువుకుంటాడు. ఆర్నెల్లు ఆలస్యమైతే పోయిన తెలివి ఇక తిరిగి రాదు.

స్క్రీనింగ్‌కు హద్దులున్నాయి. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, తీవ్రమైన యూరియా సైకిల్ లోపం ఉన్న బిడ్డ ఈలోపే పడిపోతాడు. ఆ గుంపులో ఎక్కువగా కనిపించే ఓటీసీ (ఆర్నిథైన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ అనే ఎంజైమ్) లోపాన్ని ఈ పరీక్ష నమ్మకంగా పట్టుకోలేదు కూడా. స్క్రీనింగ్ నార్మల్ అని రాసుంది కాబట్టి జబ్బు పడిన బిడ్డకు అమోనియా చూడక్కర్లేదు అనుకోవడం ప్రమాదం. అలాగే స్క్రీనింగ్‌లో తేడా వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, రెండో పరీక్షతో నిర్ధారించాలి, ఆ ఫోన్ కాల్ వచ్చిన రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా సరే.

మేనరికం, చెప్పుకోని మరణాలు

వీటిలో ఎక్కువ జబ్బులు రావాలంటే పాడైన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కటే ఉన్నవాళ్లు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, తమకుందని కూడా తెలియదు. దంపతులు రక్త సంబంధీకులైతే ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. గారడ్ కూడా 1902లోనే తన రోగుల తల్లిదండ్రుల్లో చాలామంది అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల పిల్లలే అని గమనించాడు. మన దగ్గర మేనమామను చేసుకోవడం, అత్త కొడుకును చేసుకోవడం మామూలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు మంది మహిళలు రక్త సంబంధీకులనే చేసుకున్నట్టు తేలింది. మేనమామ, మేనకోడళ్ల మధ్య జన్యువుల్లో నాలుగో వంతు ఒకటే, బావామరదళ్ల మధ్య ఎనిమిదో వంతు.

ఇది చదివి మేనరికం చేసుకున్న దంపతులు భయపడాల్సిన పనిలేదు, ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. మేనరికం కాదు కాబట్టి మాకు రాదు అనుకోవడం కూడా సరికాదు. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే దూరపు సంబంధాలు లోలోపల ఉంటూనే ఉంటాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాల్గొని 2017లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమూహాల్లో 81 ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచే గట్టిగా విస్తరించినవని తేలింది.

అందుకే కుటుంబ చరిత్ర అడగడం ఏ ఖరీదైన పరీక్షకూ తీసిపోదు. కానీ మన ఇళ్లలో పురిట్లోనే పోయిన బిడ్డల గురించి మాట్లాడరు, అశుభమని, కోడలి మనసు కష్టపెట్టడం ఎందుకని. మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, అక్కడ ఎన్‌ఐసీయూలో సంతకాలు పెట్టేది అమ్మమ్మ వైపువాళ్లు, తండ్రి వైపు ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. డాక్టరు అడిగినప్పుడు రెండు వైపులా ఫోన్ చేసి కనుక్కోండి. ముఖ్యంగా తల్లి అన్నదమ్ములు, అంటే బిడ్డ మేనమామలు ఎవరైనా పుట్టిన వారంలో పోయారేమో అడగాలి. ఓటీసీ లోపం తల్లి నుంచి మగపిల్లలకు వచ్చే రకం, దీనికి మేనరికంతో సంబంధం లేదు. ఆ జన్యువు మోసే తల్లులు చాలామంది మాంసాహారం ఎక్కువైతే తలనొప్పి, వాంతులు తప్ప ఏమీ ఎరగరు. కొందరిలో మాత్రం కాన్పయిన వారం పదిరోజుల్లో అమోనియా పెరిగి మాట తడబడటం, తికమక, మత్తు వస్తాయి. బాలింతకు మతి చలించిందని, గాలి సోకిందని అనుకునేముందు ఆమెకూ ఆ పరీక్ష చేయించాలి.

బతికిన పిల్లలతో రోజులు ఎలా ఉంటాయి? తిండిని గ్రాముల్లో కొలవాలి. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది, బియ్యంలో సుమారు ఏడు, సగ్గుబియ్యంలో దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఈ పిల్లల ఇళ్లలో సగ్గుబియ్యం, నెయ్యి, పళ్లు, కూరగాయలు ఆధారం, పప్పు, పెరుగు, గుడ్డు లెక్క ప్రకారం. ఒంటికి పడని అమైనో ఆమ్లం తీసేసిన ప్రత్యేక పాలపొడి కూడా కావాలి, అది ఖరీదు, దొరకడం కష్టం. జ్వరం వచ్చినా వాంతులైనా, రెండు పూటలు తినకపోయినా మళ్లీ పాత ప్రమాదమే, అప్పుడు ప్రొటీన్ తగ్గించి గ్లూకోజ్ నీళ్లు పట్టాలి, ఉమ్మేస్తుంటే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జబ్బు పేరు, చేయాల్సిన పరీక్షలు, గ్లూకోజ్ మోతాదు రాసిన ఎమర్జెన్సీ లెటర్ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి, ఎందుకంటే రాత్రిపూట క్యాజువాలిటీలో ఉన్న డాక్టరు ఈ జబ్బు పేరు ఎప్పుడూ విని ఉండకపోవచ్చు. టీకాలు మానొద్దు, ఈ పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా చూడటం ఇంకా ముఖ్యం. కొందరికి కాలేయ మార్పిడి దారి చూపిస్తుంది, యూరియా సైకిల్ లోపాల్లో అది జబ్బును దాదాపు తీసేస్తుంది.

డబ్బు విషయానికొస్తే, కేంద్రం 2021లో అరుదైన జబ్బుల జాతీయ విధానం తెచ్చింది, 2022లో సవరించి గుర్తింపు పొందిన కేంద్రాల్లో ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం అన్నారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. ప్రత్యేక ఆహారంతో నడిచే ఈ జబ్బులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. జీవితాంతం ఉండే జబ్బుకు ఒక అంకె దగ్గర గీత గీయడం నాకు న్యాయంగా అనిపించదు, అయినా ఉన్న సాయాన్ని వదులుకోకూడదు, జబ్బు నిర్ధారణ అయిన వెంటనే అక్కడ పేరు నమోదు చేయించుకోండి.

ఇక అన్ని ప్రయత్నాలూ చేసినా బిడ్డ దక్కని సందర్భం. ఆ గంటలో ఎవరికీ ఏమీ తోచదు, డాక్టరుకు కూడా అడగాలంటే మనసు రాదు. అయినా అడగాలి. బ్లాటింగ్ కాగితం మీద నాలుగైదు రక్తపు చుక్కలు, జన్యు పరీక్షకు ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా మందు ఉన్న ట్యూబు) కొంచెం రక్తం, వీలైతే ఫ్రీజర్‌లో దాచిన మూత్రం, ఇవి ఉంటే జబ్బు పేరు తర్వాతైనా తేలుతుంది. అవి లేకపోతే మరణ ధ్రువపత్రం మీద సెప్సిస్ అని ఉంటుంది, తర్వాతి కాన్పుకు ఏ రక్షణా ఉండదు. రెండు వైపుల నుంచీ జన్యువు రావాల్సిన జబ్బుల్లో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. ఒకసారి వచ్చింది కదా, ఇక మూడు కాన్పులదాకా రాదులే అన్న లెక్క ఏమీ లేదు.

బిడ్డలో ఏ జన్యువులో ఏ మార్పు ఉందో తేలితే, తర్వాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీటితో, బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడొచ్చు. జన్యు రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని గర్భం రాకముందే మొదలవ్వాలి, నెల తప్పాక జెనెటిక్స్ డాక్టరు కోసం వెతుక్కోవడం మొదలుపెడితే సమయం చాలదు. ఆ పరీక్ష వద్దనుకున్నవాళ్లకు, లేదా జబ్బు ఉందని తెలిసీ కనాలనుకున్నవాళ్లకు కూడా దారి ఉంది. అమోనియా పరీక్ష, డయాలసిస్ ఉన్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకుని, బిడ్డకు లక్షణాలు రాకముందే, పుట్టిన 24 గంటల్లోపు రక్తం పరీక్షించి, అవసరమైతే మొదటి రోజు నుంచే ప్రొటీన్ కొలిచి ఇస్తారు. ఎనిమిదో నెల దాటకముందే గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, జెనెటిక్స్ డాక్టరు కలిసి ఈ ప్లాన్ కాగితం మీద రాయాలి, ఒక కాపీ ఆసుపత్రి ఫైల్లో, ఒకటి మీ దగ్గర. నొప్పులు ఆదివారం అర్ధరాత్రి మొదలైనా డ్యూటీలో ఉన్నవాళ్లు అది చూసి పని మొదలుపెట్టగలగాలి.